నాయనమ్మ మిషను కాళ్ల మీద టేబుల్ చేసుకోవాలంటే

ప్రశ్న: మా నాయనమ్మ వాడిన కాలితో తొక్కే కుట్టు మిషను చాలా ఏళ్లుగా మూలన పడి ఉంది. పై చెక్కకి చెద పట్టి పెచ్చులు ఊడిపోతోంది, హెడ్ (పైనుండే కుట్టే యంత్రం) కూడా బిగుసుకుపోయి తిరగడం లేదు. కింద ఇనుప స్టాండు మాత్రం తుప్పు తప్పిస్తే గట్టిగానే ఉంది. దాని మీద మంచి చెక్క వేసి టేబుల్ చేసుకోవాలని ఉంది. ఆరుగురు కూర్చుని తినేంత పెద్దది చేయొచ్చా, లేక రాసుకునే బల్లతో సరిపెట్టుకోవాలా? పెడల్ కాళ్లకి అడ్డం వస్తుంది, గ్రైండర్‌తో కోసేస్తానంటున్నాడు వడ్రంగి. అసలు పాత సామాను ముట్టుకుంటేనే విలువ పోతుందని తమ్ముడు గొడవ. నాకు రంపం, చిత్రిక పట్టడం వచ్చు, ఇంట్లోకి రెండు అల్మరాలు చేసుకున్నాను. ఈ పని నేనే చేసుకోవచ్చా?

జవాబు: ముందు ఆ గ్రైండర్‌ని ఆపండి. మిగతావన్నీ తీరిగ్గా మాట్లాడుకుందాం, అదొక్కటి మాత్రం ఇవాళే చెప్పేయండి. పెడల్ అడ్డమొస్తే కదలకుండా కట్టేయొచ్చు, కాదంటే విప్పి అటకెక్కించొచ్చు, కోయడం దేనికండీ? ఆ స్టాండు పోత ఇనుము, బీడు అంటామే అది. కార్బన్ రెండు శాతానికి పైనే ఉంటుంది కాబట్టి బరువు ఎంతైనా మోస్తుంది గానీ దెబ్బకి వంగదు, విరుగుతుంది. విరిగాక మామూలు ఇనుములాగా రెండు చుక్కలు వెల్డింగ్ పెట్టి రంగేసేద్దాం అంటే కుదరదు, వెల్డింగ్ పెట్టిన పక్కనే మళ్లీ చీలుతుంది. ముక్కని ముందుగా బాగా వేడిచేసి, నికెల్ రాడ్‌తోనో ఇత్తడి లాంటి మిశ్రమంతోనో ఓపిగ్గా అతికేవాళ్లు ఉంటారు, కానీ వాళ్లని వెతుక్కుంటూ తిరిగే అవస్థ మీకెందుకు.

నాకు ఇది అనుభవమే. నేను విప్పిన మొదటి స్టాండుకి ఒక స్క్రూ తుప్పుతో బిగుసుకుపోయి ఎంతకీ రాలేదు, ఓపిక నశించి సుత్తితో నాలుగు దెబ్బలు వేశాను. నాలుగో దెబ్బకి స్క్రూ రాలేదు గానీ ఆ స్క్రూ దిగిన చోట స్టాండు కాలికి చెవిలా ఉండే ముక్క ఊడి నా చెప్పు మీద పడింది. విరిగిన చోట చూస్తే లోపల బూడిద రంగులో, రాళ్ల ఉప్పులాగా మెరుస్తూ గరుగ్గా ఉంది. ఆ ముక్క ఇప్పటికీ నా పనిముట్ల డబ్బాలోనే ఉంది.

అప్పటినుంచి నాదొకటే లెక్క. స్టాండుకి ఏం చేసినా రేపు ఎవరైనా మళ్లీ హెడ్ పెట్టి కుట్టుకుంటానంటే వెనక్కి మార్చగలిగేలా ఉండాలి. ఇనుముకి కొత్త కన్నం వేయను, ఉన్న కన్నం పెద్దది చేయను, ఏదీ కోయను. మీరడిగినవాటన్నిటికీ నేను చెప్పేది ఈ లెక్క ప్రకారమే. నేనే చేసుకోవచ్చా అన్నారు కదా, చిత్రిక పట్టడం వచ్చినవాళ్లకి ఇందులో చేతకాని పనేమీ లేదు, తొందరే పనికిరాదు.

ఇప్పుడు మీ తమ్ముడి మాట. ఆయన చెప్పింది సగం నిజం. స్టాండు మధ్యలో ఇనుములోనే పోత పోసిన అక్షరాలు ఉంటాయి చూడండి, సింగర్ అనో మరో కంపెనీ పేరో. పేరు పెద్దదైనంత మాత్రాన అరుదైనదని కాదు, నిజానికి దానికి తలకిందులుగా ఉంటుంది వ్యవహారం. ఐజక్ సింగర్ తన మిషనుకి 1851లో పేటెంటు తీసుకున్నాడు, 1913 వచ్చేసరికి స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీ ఒక్కటే ఏడాదికి 13 లక్షల పైచిలుకు మిషన్లు తయారుచేసింది. అన్ని లక్షలు చేసిన వస్తువుకి పాతది కాబట్టే గొప్ప ధర పలకడం అరుదు. అయితే ఊరికే అనుకోవడం ఎందుకు, హెడ్ అడుగు పలక మీద కుడివైపు సీరియల్ నంబరు కొట్టి ఉంటుంది, సింగర్‌వైతే ఆ నంబరు బట్టి ఏ ఏడాదిదో పట్టికల్లో చూసుకోవచ్చు. నంబరు ముందు అక్షరం లేకుండా ఒట్టి అంకెలే ఉంటే 1900కి ముందుదని మోటుగా గుర్తు. అలాంటిది బయటపడితే మాత్రం పని ఆపి తెలిసినవాళ్లకి చూపించండి, అప్పుడు తమ్ముడే గెలిచినట్టు.

హెడ్ తిరగట్లేదని దాన్ని తుక్కు కింద లెక్కేయకండి. ఇలా బిగుసుకున్నవాటిలో చాలావాటికి లోపల ఏదీ విరిగి ఉండదు, ఏళ్ల తరబడి పోసిన నూనె ఎండి వార్నిష్ లాగా గట్టిపడి ఉంటుంది, అంతే. నూనె పోసే కన్నాలన్నిట్లో, రాపిడి పడే ప్రతి కీలు దగ్గరా కొంచెం కిరసనాయిలు వేసి ఒక రోజు వదిలేయండి, మర్నాడు మిషను నూనె వేసి చేతిచక్రాన్ని అటూ ఇటూ వెంట్రుకవాసి కదపండి. ఇలా వారం రోజులు. కదలడం మొదలైందా, ఇక అదే దారికొస్తుంది. కిరసనాయిలు బంగారు రంగు బొమ్మల మీద పడనివ్వకండి, ఆ డిజైన్లు పైపైన అతికించినవే, రుద్దితే లేచిపోతాయి. హెడ్ బాగైపోతే టేబుల్ ఆలోచన మానుకోమని నేననను. మీ పై చెక్క ఎలాగూ పోయింది, కొత్త చెక్క వేయక తప్పదు. కాకపోతే బాగైన హెడ్‌ని మాత్రం తుక్కులో వేయొద్దు, దాని సంగతి చివర్లో చెప్తాను.

విప్పే ముందు ఫోన్‌తో అన్నివైపులా ఫోటోలు తీసుకోండి, ముఖ్యంగా పెద్ద చక్రం వైపు. తోలు బెల్టుకి ఒక తీగ ముక్క కొక్కెంలా ఉంటుంది, ఒక కొస విప్పితే బెల్టు ఊడి వస్తుంది. హెడ్‌ని వెనక్కి వంచితే రెండు కీళ్లు కనిపిస్తాయి, వాటి పక్కనుండే చిన్న స్క్రూలు వదులుచేసి హెడ్ పైకెత్తాలి. అది పది కిలోలు దాటే బరువు, ఒక్కరే ఎత్తకండి, జారితే అదీ పోతుంది, కాలివేలూ పోతుంది. తర్వాత కింద నుంచి పై చెక్కని పట్టుకున్న స్క్రూలు. వీటికి గాడి నిండా కూర్చునే వెడల్పాటి స్క్రూడ్రైవర్ కావాలి, సన్నది పెట్టి తిప్పితే గాడి అరిగిపోయి అసలుకే మోసం. తుప్పు వదలగొట్టే నూనె వేసి రాత్రంతా ఉంచండి, రాకపోతే మళ్లీ వేసి ఇంకో రాత్రి. సుత్తి సంగతి చెప్పాను కదా.

ఇక్కడ చాలామందికి తట్టని విషయం ఒకటుంది. ఆ పై చెక్క ఊరికే పైన పరిచిన పలక కాదు, రెండు పక్క కాళ్లనీ పైన పట్టి ఉంచేది అదే. చెక్క తీసేశాక స్టాండు కొంచెం అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఊపంతా మధ్యలో ఉన్న అడ్డ ఇనుము మీద పడుతుంది. అలాంటప్పుడు దాన్ని కింది చిన్న చక్రాల మీద గదంతా లాక్కుంటూ తిరగొద్దు. ఇద్దరు చెరోవైపు పట్టుకుని ఎత్తి పెట్టండి.

చెద తిన్న చెక్కని కొత్త కలప దగ్గర పెట్టకుండా బయటికి పంపేయండి. సొరుగులు మాత్రం పారేయొద్దు. వాటిని తిరగేసి, అడుగున మట్టి గాడులు గానీ సన్నని కన్నాలు, పొడి గానీ ఉన్నాయేమో చూడండి. ఏమీ లేకపోతే అవి మీకు దొరికిన బంగారం, కొత్త టేబుల్ కింద అలాగే బిగించుకోవచ్చు.

తుప్పు విషయంలో జనం చేసే మొదటి పొరపాటు మొత్తం గీకేసి మెరిపించాలనుకోవడం. ఆ నల్ల పూత మామూలు రంగు కాదు, తారు జాతి పదార్థంతో వేసి కొలిమిలో కాల్చిన పూత, వందేళ్లయినా చాలాచోట్ల ఊడకుండా ఉంటుంది. ముందు వేడినీళ్లు, సబ్బు, గట్టి నైలాన్ బ్రష్షుతో జిడ్డంతా కడగండి. సగం తుప్పు అనుకున్నది నిజానికి నూనె, దుమ్ము కలిసి కట్టిన పెచ్చే అని అప్పుడు తెలుస్తుంది. మిగిలిన తుప్పుని ఇత్తడి తీగల బ్రష్షుతో రుద్దితే చాలు. కడిగిన వెంటనే గుడ్డతో తుడిచి హెయిర్ డ్రయర్‌తో సందులన్నీ ఆరబెట్టాలి, టీ తాగి వచ్చి చేద్దాం అనుకుంటే ఈలోగా పసుపుపచ్చ కొత్త తుప్పు పట్టేస్తుంది, నిజంగా అంత తొందరగా. బోల్టులు, నట్లు లాంటి చిన్నవాటిని వెనిగర్‌లో ఒక రాత్రి నానబెట్టి, తీసి రుద్ది, వంటసోడా నీళ్లలో ముంచి, ఆరబెట్టి నూనె రాయండి. పూత ఉన్న పెద్ద భాగాలకి వెనిగర్ వద్దు. బాత్రూమ్ కడిగే యాసిడ్ అసలే వద్దు, ఇనుముని తింటుంది, దాని పొగకి పక్కనున్న పనిముట్లు కూడా తుప్పు పడతాయి.

మధ్యలో ఎవరైనా పచ్చరంగో వెండిరంగో పైన పూసి ఉంటే మాత్రం జాగ్రత్త, పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. పొడిగా ఎమిరీ కాగితం పెట్టి గీకితే ఆ దుమ్ము ఇల్లంతా పడుతుంది, పిల్లలున్న ఇంట్లో అది చాలా ప్రమాదం. తడిపి గీకండి, మంచి మాస్కు పెట్టుకోండి, వచ్చిన మురికిని తుడిచి సంచిలో కట్టి పారేయండి. ఇసుక కొట్టించి (శాండ్‌బ్లాస్టింగ్ అంటారే అది) తెల్లగా చేయించమని చెప్పేవాళ్లు ఉంటారు. పాత పూత ఎలాగూ మిగల్లేదు, కొత్త రంగు వేయాల్సిందే అనుకుంటేనే ఆ దారి, అప్పుడు కూడా ఇసుక కొట్టిన రోజే ప్రైమర్ పడాలి. నన్నడిగితే మైనం రుద్దిన పాత నలుపు ముందు ఏ కొత్త రంగూ ఆనదు. అక్కడక్కడా గోధుమరంగు కనిపిస్తే కనిపించనివ్వండి, నాయనమ్మ మిషను కొత్తగా షోరూమ్ నుంచి వచ్చినట్టు ఉండాల్సిన అవసరం ఏముంది.

ఇక అసలు విషయం, సైజు. ఆరుగురు తినే టేబుల్ ఒక్క స్టాండు మీద వద్దు. బరువు మోయలేకపోవడం కాదు సమస్య, మోసేస్తుంది. తిరగబడుతుంది. ఆ స్టాండు ముందువెనకల చాలా సన్నం, ఎందుకంటే మనిషి దగ్గరికి జరిగి కూర్చుని కుట్టుకోవడానికి చేసింది. నేల మీద నాలుగు కాళ్ల కొసలనీ కలుపుతూ సుద్దముక్కతో గీత గీయండి. బల్ల ఆ గీత దాటి ఎంత బయటికి వస్తే అంత ప్రమాదం. లెక్క చూడండి, స్టాండు, చెక్క కలిపి 40 కిలోలు, ముందు కాలికీ వెనక కాలికీ మధ్య 40 సెంటీమీటర్లు అనుకుందాం. బరువు మధ్యలో ఉంటుంది కాబట్టి ముందు గీతకి 20 సెంటీమీటర్ల దూరంలో 40 కిలోలు వెనక్కి లాగుతుంటాయి. 60 కిలోల మనిషి ఎవరైనా వచ్చి అంచు మీద అలా కూర్చుంటే, ఆ అంచు గీతకి 13 సెంటీమీటర్లు దాటి బయట ఉందంటే బల్ల లేస్తుంది, మీద ఉన్న వేడి గిన్నెలతో సహా. బల్ల మీద ఎవరూ కూర్చోరు అంటారేమో, కూర్చుంటారండీ, పిల్లలైతే వేలాడతారు కూడా.

అందుకని మీ స్టాండుని మీరే కొలిచి ఈ లెక్క వేసుకోండి. నేనైతే ముందువెనకలకి గీత నుంచి 10 సెంటీమీటర్లు దాటనివ్వను, పక్కలకి 20 దాకా ఇస్తాను. ఆ కొలతకి చక్కటి రాత బల్ల వస్తుంది, లేదా ఇద్దరు ఎదురుబొదురుగా కూర్చుని కాఫీ తాగే బల్ల. గుండ్రటి బల్ల బావుంటుందని చాలామంది అంటారు గానీ ఈ సన్నటి కాళ్ల మీద గుండ్రం పెడితే ముందువెనకలే ఎక్కువ బయటికి వస్తుంది, ఈ స్టాండుకి నప్పని ఆకారం అదొక్కటే అనొచ్చు. పాలరాయి కూడా వద్దు. 20 మిల్లీమీటర్ల మందం రాయి చదరపు మీటరుకి 54 కిలోల దాకా తూగుతుంది, 25 మిల్లీమీటర్ల టేకు 16 కిలోలే. పైన అంత బరువు పెట్టి పక్కకి లాగినప్పుడు ఆ పోత కాళ్ల చెవుల మీద పడే ఒత్తిడి నాకు ఊహించుకోవడమే ఇష్టం లేదు. భోజనాల బల్లే కావాలని పట్టుదల ఉంటే ఇంకో స్టాండు సంపాదించండి, రెండిటినీ అడ్డంగా తిప్పి రెండు కొసల కింద పెట్టి మధ్యలో ఒక దళసరి అడ్డపట్టెతో కలపొచ్చు. రెండూ వేరువేరు కంపెనీలవైతే ఎత్తులో తేడా ఉంటుంది, దాన్ని చెక్కపట్టీతో సరిచేయాలి తప్ప ఇనుముతో కాదు.

ఎత్తు గురించి ఒక్క మాట. రాసుకోవడానికి 72 నుంచి 76 సెంటీమీటర్లు హాయిగా ఉంటుంది. ఇనుము ఎత్తు కొలిచి, బల్ల అడుగున వేసే పట్టీ (దాని సంగతి కింద చెప్తాను) మందం, చెక్క మందం కలుపుకుని చూసుకోండి, చెక్క కొన్నాక కాదు, కొనకముందే.

కలప ఏదైనా బాగా ఎండినదై ఉండాలి, అంతకుమించి పేరు గురించి పెద్దగా పట్టించుకోను. టేకు సులువుగా లొంగుతుంది, మామిడి చూడ్డానికి బావుంటుంది గానీ పురుగుకి ఇష్టం. పాత తలుపు చెక్కలు దొరికితే అన్నిటికన్నా మంచివి, అవి కదలాల్సినంత కదిలేసి కుదురుకుని ఉంటాయి. కాకపోతే చిత్రిక పట్టే ముందు అయస్కాంతం పెట్టి అంగుళం అంగుళం చూడండి, లోపల విరిగిన మేకు ఒక్కటున్నా బ్లేడు చివర్న నెలవంకలా ముక్క లేచిపోతుంది. కొత్త చెక్క అయితే బల్ల ఉండబోయే గదిలోనే రెండు మూడు వారాలు, మధ్యమధ్య పుల్లలు పెట్టి పేర్చి ఉంచండి. ఆ గదిలో గాలికి అది అలవాటుపడాలి.

పలకలు అతికేటప్పుడు అంచులు చిత్రిక పట్టి, రెండిటినీ ఆనించి వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. సన్నటి వెలుగు గీత కనిపించినా మళ్లీ పట్టాల్సిందే, ఆ సందుని జిగురుతో నింపుతాను అనుకోవద్దు. తెల్ల జిగురు రాసి క్లాంపులు బిగిస్తే సందు పొడవునా చిన్నచిన్న పూసల్లా జిగురు పైకి రావాలి. ధారలా కారితే ఎక్కువ రాశారు, ఏమీ రాకపోతే తక్కువ రాశారు. ఒక రోజంతా కదిలించకండి.

ఇప్పుడు చెప్పేది మాత్రం రెండుసార్లు చదవండి. చెక్క బతికున్నట్టే కదులుతుంది, తేమకి వెడల్పున ఉబ్బుతుంది, ఎండకి వెడల్పునే ముడుచుకుంటుంది, పొడవున దాదాపు కదలదు. 60 సెంటీమీటర్ల వెడల్పు టేకు బల్లలో తేమ 4 శాతం అటూ ఇటూ అయితే వెడల్పు నాలుగైదు మిల్లీమీటర్లు మారుతుంది. ఇనుము అలా మారదు. మీ స్టాండు పక్క కాళ్ల పైభాగంలో కన్నాలు ముందొకటి వెనకొకటి ఉంటాయి, అంటే సరిగ్గా చెక్క కదిలే దిక్కులోనే. ఆ కన్నాల్లోంచి నేరుగా నాలుగు స్క్రూలు బిగించేస్తే చెక్క కదలాలనుకున్నప్పుడల్లా ఇనుము పట్టి ఆపుతుంది, ఎవరో ఒకరు ఓడిపోవాలి, ఓడేది చెక్కే. నా మొదటి బల్ల సరిగ్గా ఇలాగే చేశాను. నాలుగైదు నెలలు ముచ్చటగా ఉంది. ఒకరోజు దాని మీద పెట్టిన పెన్సిల్ దొర్లుకుంటూ వెళ్లి నడిమధ్యలో టక్కున ఆగింది, ఏంటా అని చూస్తే ఆ కొస నుంచి ఈ కొస దాకా బీట.

దీనికి తేలికైన ఉపాయం ఉంది. బల్ల అడుగున, రెండు ఇనుప కాళ్లూ వచ్చే చోట, ముందునుంచి వెనక్కి రెండు గట్టి చెక్కపట్టీలు వేయండి, 5 సెంటీమీటర్ల వెడల్పు, రెండున్నర సెంటీమీటర్ల మందం చాలు. బల్ల వెడల్పు కన్నా పది సెంటీమీటర్లు పొట్టిగా ఉంటే బయటికి కనపడవు. పట్టీని బల్లకి బిగించే స్క్రూల్లో మధ్య స్క్రూకి మామూలు గుండ్రటి కన్నం, కొసల దగ్గరవాటికి పట్టీ పొడవునా సాగిన గాడి లాంటి కన్నం, స్క్రూకి ఇటు నాలుగైదు మిల్లీమీటర్లు, అటు నాలుగైదు మిల్లీమీటర్లు ఖాళీ ఉండేలా. స్క్రూ తల కింద వాషరు. ఇలా చేస్తే మధ్యలో పట్టు ఉంటుంది, కొసల దగ్గర చెక్క తన ఇష్టప్రకారం జరుగుతుంది, పట్టీ వల్ల బల్ల దోనెలాగా వంగకుండా చదునుగానూ ఉంటుంది. పట్టీకి జిగురు మాత్రం రాయకండి, రాస్తే ఇంత కష్టమూ వృథా.

పట్టీలని ఇనుముకి కలపడానికి క్యారేజ్ బోల్టులు వాడండి, తల కింద మెడ నలుపలకగా ఉంటుంది కాబట్టి చెక్కలో ఇరుక్కుని తిరగదు. పట్టీని బల్లకి బిగించకముందే, పైవైపు నుంచి బోల్టుని దూర్చి తలని చెక్కలోకి దించేయాలి. ఆ తర్వాత బల్లని ఎత్తి స్టాండు మీద దించితే నాలుగు బోల్టులూ పాత కన్నాల్లోకే దిగుతాయి, కింద వాషరు, నట్టు. కన్నంలో పట్టే బోల్టే తెచ్చుకోండి, బోల్టు లావైందని కన్నం పెంచొద్దు. చెక్కకీ ఇనుముకీ మధ్య చిన్న తోలు ముక్కో రబ్బరు ముక్కో పెడితే ఎత్తుపల్లాలు సర్దుకుంటాయి. నట్టు చేత్తో బిగిసినంత బిగించి, స్పానరుతో పావు చుట్టు, అంతే. ఇంకా బిగిస్తే ఏమవుతుందో నా డబ్బాలో ముక్క చెప్తుంది. రేపు బల్ల తీసేయాలన్నా నాలుగు నట్లు విప్పితే పని అయిపోతుంది.

పాలిష్ గురించి ఎక్కువ చెప్పను, ఎవరి ఇష్టం వాళ్లది. ఎమిరీ కాగితం 80, 120, 180 వరసలో, చెక్క గీతల వెంటే రుద్దండి. లక్క పాలిష్ అందంగా ఉంటుంది గానీ వేడి కప్పు పెడితే తెల్లటి చక్రం పడుతుంది, రాత బల్ల అయితే పర్వాలేదు, కప్పులు పెట్టేదైతే పాలీయురేథేన్ మేలు. ఏది వేసినా పైన ఎన్ని పూతలు వేస్తే అడుగున కూడా అన్ని పూతలు వేయాలి. అడుగు ఎవరు చూస్తారని వదిలేస్తే ఒకవైపే తేమ పీల్చి బల్ల వంగుతుంది. అవిసె నూనె వాడాలనుకుంటే ఒక హెచ్చరిక, ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి. ఆరేటప్పుడు వాటిలో వేడి పుట్టి ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే అంటుకుంటాయి. భయపెట్టడానికి చెప్పట్లేదు, నిజంగా జరిగేదే. బయట ఒక్కొక్కటీ విడిగా పరిచి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచేయండి.

పెడల్ దగ్గరికి వద్దాం. రాసుకునేటప్పుడు అది మంచి పాదపీఠం, వడ్రంగికి ఆ సుఖం తెలియక కోస్తానన్నాడు. ఊరికే వదిలేస్తే మాత్రం కాలు తగిలినప్పుడల్లా ఊగుతుంది, దాంతోపాటు పెద్ద చక్రం తిరుగుతుంది, ఆ చక్రం ఆకుల మధ్య చంటిపిల్లల వేళ్లు సరిగ్గా పడతాయి. పెడల్‌ని చక్రానికి కలిపే కడ్డీ కింది కొస విప్పేస్తే చక్రం ఆగుతుంది, పెడల్ మీకు నచ్చిన వాలులో ఉంచి కింద అడ్డ ఇనుముకి తోలుపట్టీతో కట్టేయండి. చక్రాన్ని కూడా ఒక ఆకు దగ్గర స్టాండు కాలికి కట్టండి, నల్లటి తాడైతే కనపడదు. ఇంట్లో చిన్నపిల్లలు ఎవరూ లేరు, ఊగితే సరదాగా ఉంటుంది అంటే వదిలేయండి, కీళ్లలో మిషను నూనె చుక్క వేస్తూ ఉండండి, లేకపోతే అర్ధరాత్రి రాసుకుంటుంటే అది కీచుమని ఇంట్లో అందరినీ లేపుతుంది. కింది ఇనుప చక్రాలు నేలని గీస్తాయి, వాటి కింద చెక్క గిన్నెల్లాంటివి పెట్టుకుంటే బల్ల జరగదు కూడా.

ఇక హెడ్ సంగతి. దానికి అంతా పలచగా మిషను నూనె రాసి, నూనె కాగితంలో చుట్టి, మీద పాత దుప్పటి కప్పి పొడిగా ఉండే చోట పెట్టండి, పాలిథిన్ సంచిలో కట్టొద్దు, లోపల చెమ్మ పడుతుంది. మీరు విప్పిన ప్రతి స్క్రూ, కీళ్ల పిన్నులు, కడ్డీ, తోలు బెల్టు, అన్నీ ఒక డబ్బాలో వేసి, ఏది ఎక్కడిదో చీటీ రాసి, మీరు తీసిన ఫోటోలు రెండు ప్రింటు వేయించి అందులోనే పెట్టండి. ఆ డబ్బా పెట్టడానికి సొరుగు ఎలాగూ ఉంది. తాళంచెవి తమ్ముడికివ్వండి.